రెండు చెవుల వినికిడి: ఒక చిన్న చరిత్ర

ఉగాది ముందునాటి సాయంకాలము బీదరులో చౌబారా దగ్గర ఒక్క పది నిమిషములు నిలబడి వింటే చాలు. మామిడాకులు, వేపపూవు, కొత్త బెల్లము అమ్మేవారి కేకలు ఒక ప్రక్క. బేరమాడే ఇల్లాండ్ర మాటలు ఇంకొక ప్రక్క. నడుమ మోటారు సైకిళ్ళ హారనులు. కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు, ఈ నాలుగు భాషలు ఒక్కసారిగా చెవిని పడతాయి. అయినా ఆ సందడిలో ఏ మూలనుండియో "ఏమక్కా, బాగున్నావా?" అన్న పలుకు వినబడగానే మన తల ఆ వైపునకే తిరుగుతుంది. పొరుగు రాష్ట్రములో కాపురమున్న తెలుగువారిలో ఈ అనుభవము లేనివారు ఉండరు.

ఇందులో భాషాభిమానము పాలు కొంత ఉన్నమాట నిజమే. కాని అసలు పని చేస్తున్నవి మన రెండు చెవులు. బహమనీ సుల్తానులను గురించి, మహమూద్ గవాను మదరసాను గురించి, బిద్రీ పనిని గురించి వ్రాయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు గనుక, ఈసారి మేము ఈ రెండు చెవుల చరిత్రను ఎత్తుకొన్నాము. ఇందులో కన్నడ దేశమునకు సంబంధించిన ఘట్టమొకటి కలదు. మన ఇండ్లలోని కంప్యూటరుకు, మన పెద్దల గొంతులకు సంబంధించిన సంగతి కూడ కలదు.

కుడి వైపునుండి వచ్చే శబ్దము మొదట కుడి చెవికి చేరుతుంది. తరువాత తలను చుట్టి, కొంచెము ఆలస్యముగాను, కొంచెము మందముగాను ఎడమ చెవికి చేరుతుంది. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది గనుక, ఈ ఆలస్యము ఎంత హెచ్చినా సెకనులో సుమారు 1,500వ వంతు. ఇంత స్వల్పమైన తేడాను పట్టి మెదడు దిక్కు చెప్పగలుగుతున్నది! మంద్ర స్వరములకు ఈ ఆలస్యము, తార స్వరములకు తల అడ్డుపడుటచే కలిగే మందము దిక్కును తెలుపుతాయని 1907లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ విశదపరచినాడు. 1953లో కాలిన్ చెర్రీ అనే ఆచార్యుడు రెండు ప్రసంగములను ఒకేసారి వినిపించి పరీక్ష చేసినాడు. రెంటినీ కలిపి వినిపించినప్పుడు విడదీసి తెలుసుకొనుట వినేవారికి ఎంతో కష్టమైనది. ఒక్కొక్క చెవికి ఒక్కొక్కటిగా వినిపించినప్పుడు అవి సులభముగా విడివడినవి. చౌబారా సందడిలో మనము చేసే పని ఇటువంటిదే.

ఈ రెండు చెవుల గుట్టును యంత్రమునకు నేర్పవలెనన్న ప్రయత్నము టెలిఫోను పుట్టిన కొద్ది ఏండ్లకే మొదలైనది. 1881లో పారిసు నగరములో జరిగిన విద్యుత్ ప్రదర్శనమున క్లెమెంట్ ఆదెర్ అనే ఇంజనీరు, ఒపేరా రంగస్థలము మీద వరుసగా టెలిఫోను యంత్రములను అమర్చి, ఆ పాటలను దూరమున ఉన్న ప్రదర్శనశాలకు తీగల ద్వారా పంపినాడు. శ్రోత రెండు టెలిఫోను గొట్టములను రెండు చెవులకు పెట్టుకొని వినేవాడు. గాయకుడు రంగము మీద ఎటు నడిస్తే గొంతు అటు నడిచినట్లు తోచేదట. ఇక్కడ ఒక్క సంగతి జ్ఞాపకము ఉంచుకొనవలెను: ఆ ఏర్పాటులో ఎడమ చెవికి చేరవలసినది ఎడమ చెవికే, కుడి చెవికి చేరవలసినది కుడి చెవికే చేరినది.

తరువాత గ్రామఫోను, రేడియో, మాటలాడే సినిమా వచ్చినవి. అవన్నియు ఒంటి చెవి యంత్రములే. 1931 డిసెంబరులో ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ అనే యువ ఇంజనీరు, రెండు మైకులతో పట్టి రెండు స్పీకర్లతో వినిపించే పద్ధతికి పేటెంటు కోరినాడు. నేటి స్టీరియోకు ఇదే మూలము. 1942లో, ముప్పదితొమ్మిది ఏండ్లు నిండకముందే, రాడారు పరీక్షకై వెళ్ళిన విమానము కూలి ఆయన మరణించినాడు. 1933 ఏప్రిలు 27న అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించిన వాద్యబృందమును మూడు తీగల ద్వారా వాషింగ్టనులోని సభకు వినిపించినారు. ఆ బృందమునకు నాయకుడైన స్టొకోవ్‌స్కీ ఆనాడు వాషింగ్టనులో కూర్చుండి శబ్దము హెచ్చుతగ్గులను సరిచూచినాడు. 1958 నాటికి స్టీరియో రికార్డులు బజారులోనికి వచ్చినవి.

ఆ కాలమున మన ఊరి సంగతి వేరు. బీదరు అప్పుడు నిజాము రాష్ట్రములోనిది. హైదరాబాదులో 1935లో మొదలైన రేడియో, 1950లో ఆకాశవాణిలో చేరినది. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద ఇరుగు పొరుగు చేరి, ఒకే పెట్టె నుండి ఒకే గొంతు వినేవారు. ఆ పెట్టెకు ఎడమ కుడి లేవు. అందరికి ఒకే వినికిడి.

ఇక స్టీరియోలోని చిక్కు ఏమిటో చెప్పుకొందాము. రెండు స్పీకర్లు ఎదుట పెట్టుకొని కూర్చున్నప్పుడు ఎడమ స్పీకరు శబ్దము ఎడమ చెవికి మాత్రమే చేరదు. తల చుట్టి కుడి చెవికి కూడ చేరుతుంది. కుడి దానిదీ ఇదే తంతు. రెండు శబ్దములు నాలుగు దారులలో నడుస్తున్నాయన్న మాట. వెనుకటి రోజులలో ట్రంకు కాల్ మాట్లాడుతుండగా నడుమ ఎవరిదో సంభాషణ వినబడుట పెద్దలకు జ్ఞాపకము ఉండే ఉంటుంది. దానిని టెలిఫోనువారు క్రాస్‌టాక్ అనేవారు. స్పీకర్ల విషయములో కూడ ప్రక్క చెవిని పడే ఈ శబ్దమునకు అదే పేరు పెట్టినారు. దీని మూలమున ఏమి నష్టమంటే, విశాలమైన సభలో పట్టిన సంగీతము కూడ రెండు స్పీకర్ల నడుమ ఉన్న జాగాలోనే ఇరుకున పడిపోతుంది. ఆదెర్ శ్రోతకు లేని చిక్కు స్టీరియో శ్రోతకు వచ్చినది.

1961లో అమెరికాలో బెంజమిన్ బవర్ ఈ చిక్కును విడదీసే ఉపాయమొకటి ప్రకటించినాడు. దానిని కంప్యూటరు లెక్కలతో సాధించి చూపిన ఇద్దరిలో ఒకరు మన దేశస్థుడే. ఆయన పేరు బిష్ణు అటల్. 1933లో కాన్పూరులో జన్మించి, లక్నోలో పట్టము పొంది, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివినారు. అక్కడనే 1957 నుండి 1960 వరకు శబ్దశాస్త్రము బోధించినారు. 1956 నవంబరు 1న బీదరు మైసూరు రాష్ట్రములో చేరినది గనుక, అటల్ బెంగుళూరులో పాఠము చెప్పనారంభించే నాటికి ఆ నగరము మనకు రాజధాని అయి ఏడాది అవుతున్నది. 1961లో ఆయన బెల్ ప్రయోగశాలలో చేరినారు. అక్కడ జర్మను దేశస్థుడైన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి 1962లో పేటెంటుకు దరఖాస్తు చేసినారు. అది 1966లో మంజూరైనది.

వారి ఉపాయము వినడానికి తేలిక. ఎడమ స్పీకరు శబ్దము కుడి చెవిని పడకుండ చేయవలెను. అందుకు గాను అదే శబ్దమును తలక్రిందులు చేసి, కొంచెము తగ్గించి, తగినంత ఆలస్యము చేసి కుడి స్పీకరు నుండి పంపుతారు. శబ్దము గాలిలో ఒక అల. ఒక అల మిట్ట మీద ఇంకొక అల పల్లము వచ్చి పడితే రెండూ సమసిపోతాయి. అట్లే కుడి చెవి దగ్గర ఆ రెండు శబ్దములు ఒకదానినొకటి చంపుకొంటాయి. కాని కథ అంతటితో ముగియదు. ఈ దిద్దుబాటు శబ్దము కూడ తల చుట్టి ఎడమ చెవిని పడుతుంది. దానిని చంపుటకు ఇంకొక దిద్దుబాటు, దానికి మరియొకటి కావలెను. అప్పు తీర్చుటకు అప్పు చేసినట్లున్నదే అని మీరు నవ్వవచ్చును. అయితే ఇక్కడ ప్రతి అప్పు మునుపటి దానికంటె చిన్నది. ఒక్కొక్కసారి రెండున్నర డెసిబెలులు తగ్గుతుందనుకొంటే, 24 సార్లకు 60 డెసిబెలులు తగ్గి, మిగిలినది మొదటి అలలో 1,000వ వంతు అవుతుంది. ఇక అది చెవికి లెక్క కాదు.

ఆనాటి కంప్యూటరు గది నిండిన యంత్రము. ఇంటివారికి అందే వస్తువు కాదు. అందుచేత ఈ ఉపాయము మొదట పరిశోధకులకే ఉపయోగపడినది. ష్రోడర్ జర్మనీలోని గొటింగెను విశ్వవిద్యాలయమునకు వెళ్ళిన పిమ్మట, తన సహచరులతో ఐరోపాలోని పలు సంగీత సభలలో, మనిషి తలవంటి బొమ్మ చెవులలో మైకులు పెట్టి శబ్దమును పట్టినాడు. ప్రతిధ్వని లేని గదిలో శ్రోతను కూర్చుండబెట్టి, రెండు స్పీకర్లతో, ప్రక్క చెవి శబ్దమును తొలగించి వాటిని వినిపించినాడు. కూర్చున్న కుర్చీ కదలకుండ ఒక సభ నుండి ఇంకొక సభకు పోయినట్లయినది! 1974లో ప్రకటించిన ఫలితమును బట్టి, రెండు చెవులకు భిన్నముగా శబ్దము చేరే సభలనే శ్రోతలు మెచ్చినారు. ప్రక్క గోడల నుండి శబ్దము తిరిగి వచ్చే ఇరుకైన సభలు, విశాలమైన సభలకంటె ఈ విషయములో మేలైనవి.

1970ల చివర, 1980లలో బాబ్ కార్వర్ యాంప్లిఫయరులోను, మాథ్యూ పోక్ స్పీకర్లలోను ఇటువంటి ఏర్పాటులను చేసి ఇండ్లకు అమ్మినారు. 1990లలో ఇంగ్లండులోని సౌతాంప్టను విశ్వవిద్యాలయమువారు రెండు స్పీకర్లను దగ్గర దగ్గరగా పెడితే ఈ పద్ధతి మరింత నిలకడగా పని చేస్తుందని చూపినారు. 2007లో రాల్ఫ్ గ్లాస్గల్ ప్రకటించిన రేస్ అనే లెక్క, ఇంటి కంప్యూటరులో నడిచే చిన్న ప్రోగ్రాములకు ఆధారమైనది. అంతరిక్ష నౌకల ప్లాస్మా యంత్రములను పరిశోధించే ప్రిన్స్‌టను ఆచార్యుడు ఎడ్గార్ షువేరీ, స్వరము పాడు కాకుండ ఈ పనిని చేసే బాక్ అనే పద్ధతిని రూపొందించినాడు.

గది నిండిన యంత్రము చేసిన పని బల్ల మీది పెట్టెకు ఎట్లు సాధ్యమైనదో లెక్క చూడండి. సి.డి. పాటలో సెకనుకు 44,100 అంకెలు ఉంటాయి. స్పీకర్లు మామూలుగా దూరముగా ఉంటే ప్రక్క చెవి ఆలస్యము సుమారు 11 అంకెల కాలము. దగ్గరగా ఉంటే సుమారు 4 అంకెలు. నాలుగు అంకెలు ఆగి, తగ్గించి, తీసివేయుట, ఇంతే పని. నేటి కంప్యూటరుకు ఇది ఉఫ్‌మని ఊదినంత తేలిక.

ప్రోగ్రాము లేనివారు కూడ దీనిని పరీక్షించవచ్చును. స్పీకర్లు రెంటినీ దగ్గరగా పెట్టి, నడుమ ఒక పరుపును నిలబెట్టి, దాని అంచుకు ముక్కు ఆనేటట్లు కూర్చుండవలెను. గ్లాస్గల్ కూడ మొదట ఇటువంటి అడ్డుతోనే ప్రయోగములు చేసినాడు. మంచి స్టీరియో పాట అయితే, వాద్యములు స్పీకర్లను దాటి ఇరు ప్రక్కలకు విస్తరించుట తెలుస్తుంది. ఇంటివారు నవ్వుతారనుకొంటే వారిని కూడ వంతులవారీగా కూర్చుండబెట్టవలెను!

దీని లోపములు కూడ చెప్పుట న్యాయము. మృదంగము తొప్పి మ్రోత వంటి మంద్ర స్వరములను తల అడ్డలేదు గనుక, వాటిని దిద్దబోతే అసలు స్వరమే సన్నగిలుతుంది. మిక్కిలి తార స్వరములలో అల పొడవు కొద్ది సెంటీమీటర్లే గనుక, తల కొంచెము కదిలినా లెక్క తప్పుతుంది. అందుచేత రేస్ పద్ధతి నడిమి స్వరములనే దిద్దుతుంది. గోడల ప్రతిధ్వని ఎక్కువైన గదిలో ఫలము తక్కువ. అన్నిటికంటె పెద్ద లోపము, ఇది ఒక్క కుర్చీకి మాత్రమే చెల్లుట. ప్రక్కన కూర్చున్నవారికి ఆ విశాలత దక్కదు. రేడియో అరుగు మీద పదిమంది కలిసి విన్న కాలమునకు, ఒక్కరు నడిమిలో కదలక కూర్చుండి వినే ఈ కాలమునకు ఉన్న తేడా మాకు ఇక్కడ తోచకపోలేదు.

ఇంకొక లోపము ఉన్నది. అది మన మనస్సుకు తగిలేది. మల్లీశ్వరి 1951 నాటిది, మాయాబజార్ 1957 నాటిది. ఆ చిత్రముల పాటలు ఒంటి మార్గమున పట్టినవి. 1986లో కృష్ణ నిర్మించిన సింహాసనము 70 మిల్లీమీటర్ల తెర మీద స్టీరియో ధ్వనితో వచ్చేవరకు తెలుగు చిత్రముల వినికిడి ముఖ్యముగా ఒంటి చెవిదే. అట్టి పాటకు ఈ ప్రోగ్రామును తగిలిస్తే లాభము లేదు. ఎడమ కుడి ఒకటే అయినప్పుడు విడదీయుటకు ఏమున్నది? పైగా గొంతు రంగు మారుతుంది. ఘంటసాలవారి గొంతును ఉన్నది ఉన్నట్లు వినుటయే మేలు. చెవుల దగ్గర జరిగే కలగలుపును ఈ విద్య తీసివేయగలదు. పట్టేటప్పుడు విడిచిన దానిని మాత్రము తెచ్చి ఈయలేదు.

మేము ఈ వ్యాసము వ్రాయబూనినది ఈ ఒక్క మాట కొరకే. 1956కు ముందు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు బీదరు జిల్లాలోనివే. అటునుండి వచ్చిన ఆడపడుచులు బతుకమ్మ చుట్టు తిరుగుతూ పాడేటప్పుడు, ఎత్తుకొనే గొంతు ఎడమ నుండి కుడికి, కుడి నుండి వెనుకకు నడుస్తుంది; చప్పట్లు చుట్టూ మ్రోగుతాయి. ఆ పాటలు నోట ఉన్న నాయనమ్మలు, అమ్మమ్మలు ఏటేట తగ్గిపోతున్నారు. వారి పాటలను సెల్‌ఫోనులో ఒంటి మైకుతో పట్టి తృప్తిపడుతున్నాము. జానెడుకు కొంచెము తక్కువ ఎడముగా రెండు మైకులు పెట్టి, వలయము పొడుగునా కాక ఒక చోట నిలిపి పట్టుట పెద్ద ఖర్చు కాదు. ఫోనులో స్టీరియోగా పట్టే ఏర్పాటు ఉంటే దానిని తెరచుకొనుట అంతకంటె తేలిక. రేపు మన పిల్లలు ఏ దేశములో ఉన్నా, రెండు స్పీకర్ల ముందు కూర్చుండి కన్నులు మూసుకొంటే, అమ్మమ్మ తమ చుట్టు తిరిగి పాడినట్లు వినగలుగుతారు.

ఇదే అటల్ 1985లో ష్రోడర్‌తో కలిసి ప్రకటించిన ఇంకొక పద్ధతి, గొంతును కొద్ది అంకెలలో ఇమిడ్చి సెల్‌ఫోను మాటకు దారి చేసినది. ఊరిలోని తల్లిదండ్రులతో మనము మాటలాడే ప్రతిసారి ఆ బెంగుళూరు ఉపాధ్యాయుని ఋణము కొంత ఉన్నదన్న మాట.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కలియుటయే అందము. వినికిడిలో మాత్రము ఏ చెవిది ఆ చెవికి విడివిడిగా అందుటయే అందము. ఈ పండుగ సాయంకాలము ఇంట పెద్దలు పాట ఎత్తుకొన్నప్పుడు రెండు మైకులు సిద్ధముగా ఉంచవలెనని కోరుతూ, సోదర కుటుంబములన్నిటికి నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.