ఇంటింటి లెక్క: మన ప్రాంతమున సాంఘిక పరిశీలనల చరిత్ర

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, లింగంపల్లి రైలుస్టేషనుకు చేరువలో నల్లగండ్ల అను ఊరు కలదు. చెరువు, దాని క్రింద పొలములు, ప్రక్కన కొన్ని ఇండ్లు, ఇవియే ఒకప్పుడు ఆ యూరి స్వరూపము. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము తరువాత ఈ దాపుననే తన ఆవరణమును నిర్మించుకొన్నది. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైనది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగరపాలక సంస్థలో విలీనమైనది. నేడు చెరువు ఒడ్డున అంతస్తులపై అంతస్తులుగా మేడలు లేచినవి. ఆ మేడలలో పలు జిల్లాలవారు, పలు రాష్ట్రములవారు కాపురమున్నారు. వానిని కట్టిన కూలీలలో పాలమూరునుండి వచ్చినవారు కలరు, ఒడిశానుండి వచ్చినవారును కలరు.

ఇట్టి చోట బడి ఎక్కడ పెట్టవలెను? బస్సు ఏ వీథిగుండా నడపవలెను? చౌకధరల దుకాణము ఎవరికి అవసరము? ఈ ప్రశ్నలకు ప్రభుత్వము కచేరీలో కూర్చుండి సమాధానము చెప్పజాలదు. జనుల గడపకు పోయి వారినే అడుగవలెను. ఈ అడుగుట మన ప్రాంతమున ఎట్లు మొదలై ఎట్లు సాగినదో పరిశీలించుట మా ఉద్దేశము.

నిజాము రాజ్యమున తొలి జనగణన 1881లో జరిగినది. 98 లక్షలకు పైబడిన జనము ఆ లెక్కలో తేలినది. ప్రతి గ్రామమున పట్వారీ దస్తరములు ఉండనే ఉండెను. కాని ఆ దస్తరములకు భూమి తెలియును, శిస్తు తెలియును; రైతు ఇంట రెండవపూట పొయ్యి వెలిగినదో లేదో తెలియదు. తలలను లెక్కించుట వేరు, బ్రతుకులను తెలిసికొనుట వేరు.

ఆ రెండవ పనికి పూనుకొన్నవారిలో అగ్రగణ్యుడు ఆర్థికశాస్త్రవేత్త ఎస్. కేశవ అయ్యంగారు. 1929-30లో ఆయన నిర్వహించిన హైదరాబాదు రాజ్య ఆర్థిక పరిశోధనల ఫలితములు అయిదు సంపుటములుగా వెలువడినవి. ఇరువది సంవత్సరముల తరువాత, 1949-51లో ఆయనయే గ్రామీణ ఆర్థిక విచారణలను మరల నిర్వహించిరి. ఈ నడిమి కాలమున ఎన్ని మార్పులు! ప్రపంచమంతటను ధరలు పడిపోయినవి. మహాయుద్ధము వచ్చి పోయినది. తెలంగాణ రైతాంగము సాయుధముగా తిరుగబడినది. 1948లో పోలీసు చర్య జరిగినది. 1949లో జాగీర్లు రద్దయినవి. ఈ మార్పులకు ముందొకసారి, వెనుకనొకసారి అదే పరిశోధకుడు పల్లెలను చూచుట అరుదైన విషయము.

చట్టము చేయుట ఒకటి, అది ఇంటికి చేరుట మరియొకటి. 1950 నాటి హైదరాబాదు కౌల్దారీ చట్టము వేలకొలది రైతులను రక్షిత కౌలుదారులుగా గుర్తించినది. ఆ రక్షణ ఏమైనదో చూచుటకు ఆచార్య ఎ. ఎం. ఖుస్రో పల్లెలలో విచారణ జరిపిరి. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితములపై ఆయన గ్రంథము 1958లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పక్షమున వెలువడినది. 1951లో రక్షణ పొందినవారిలో నాలుగైదేండ్లు తిరుగునప్పటికి సగముకన్న తక్కువమంది మాత్రమే ఆ హక్కుతో మిగిలిరని అందు తేలినది. కొందరు భూమిని కొనుక్కొని సొంతదారులైరి. కాని అయిదింట ఒకరికి మించి చట్టవిరుద్ధముగా తొలగింపబడిరి. ఇంకను పలువురు “స్వచ్ఛందముగా” వదలుకొన్నట్లు తెలియవచ్చినది.

ఈ “స్వచ్ఛందముగా” అను మాటవద్ద మనము కొంచెము ఆగవలెను. ఊరి పెద్ద ఎదుట నిలిచి కౌలుదారు చెప్పిన మాట అది. దానిని ఉన్నదున్నట్లు వ్రాసికొన్న గుమాస్తా తప్పు చేయలేదు. అయినను నిజము ఆ కాగితమునకు ఎక్కలేదు. జవాబు ఎవరు చెప్పిరన్నది ఎంత ముఖ్యమో, ఎవరి ఎదుట చెప్పిరన్నదియు అంత ముఖ్యము. తొలగింపులతోపాటు ఇట్టి వదలుకోలులను గూడ వేరుగా లెక్కించుట ఖుస్రో పరిశీలనకు గల విలువ.

జవాబు నిజము కావలెనన్న ముందు నమ్మకము కుదురవలెను. అందుకు శామీర్‌పేట ఉదాహరణము. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు నగరమునకు ఇంచుమించు 25 మైళ్ల దూరమునగల ఆ గ్రామమున సంఘసేవా పథకమును చేపట్టిరి. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము తెలిసినవారు ఊరికి సాయపడుచుండగా, ఆచార్య శ్యామాచరణ్ దూబే నాయకత్వమున పరిశోధకులు కులములు, కుటుంబములు, పండుగలు, తగవులు మొదలైన వానిని పరిశీలించిరి. 1955లో వెలువడిన దూబేగారి గ్రంథము మన తెలంగాణ పల్లెను ప్రపంచ విద్వాంసుల ముందు నిలిపినది. వట్టి చేతులతో పోయి ప్రశ్నలడుగువానికంటె, మందో మాకో ఇచ్చి మాటాడువానికి జనులు మనసు విప్పుట సహజమే కదా!

ప్రతి ఇంటికిని పోవుట సాధ్యము కానప్పుడు ఏమి చేయవలెను? మన తల్లులకు ఈ విద్య కొత్త కాదు. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచెదరు. ఆచార్య మహలనోబిస్ ప్రేరణతో 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా పరిశీలనకు మూలసూత్రము ఇదియే. అయితే కుండలోని బియ్యమంతయు ఒక్కతీరుది కావలెను. నల్లగండ్లవంటి చోట మేడలోని మెతుకు పట్టి చూచి, దాని ప్రక్కన రేకుల గుడిసె సంగతి చెప్పరాదు. కావుననే నేర్పరులు ముందు జనులను తరగతులుగా విభజించి, ప్రతి తరగతినుండి కొందరిని ఏరుదురు.

తెలంగాణ ఏర్పడిన పిదప మరల ఇంటింటి లెక్కకే ప్రభుత్వము పూనుకొన్నది. 2014 ఆగస్టు 19న ఒక్కదినముననే సమగ్ర కుటుంబ సర్వే జరిగినది. ఆనాడు సెలవు ప్రకటింపగా నగర వీథులు బోసిపోయినవి. పేరు ఎక్కనిచో రేషను, పింఛను పోవునేమోయను భయముతో అసంఖ్యాకులు బస్సులలో, రైళ్లలో క్రిక్కిరిసి సొంత ఊళ్లకు పోయిరి. 2024 నవంబరులో ప్రారంభమైన సర్వేలో దీనికి భిన్నమైన చిత్రము కనబడినది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన వివరముల ప్రకారము 1 కోటి 12 లక్షల కుటుంబములు లెక్కకు వచ్చినవి. ముస్లిములు కాక వెనుకబడిన తరగతులవారు నూటికి 46.25 అని తేలినది. మూడున్నర లక్షల కుటుంబములు మాత్రము లెక్కకు దొరకలేదు. కొందరి తలుపులు మూసియుండెను, కొందరు వివరములీయ నిరాకరించిరి. వారి కొరకు ఫిబ్రవరి 16నుండి 28వరకు మరల అవకాశమీయవలసి వచ్చినది. లేనివాడు లెక్కలో చేరుటకు వందల మైళ్లు ప్రయాణము చేసెను; కలిగినవారిలో కొందరికి తలుపు తీయుటయే బరువైనది. చెప్పినది గోప్యముగా ఉండునా, దానిని ఏమి చేయుదురు అను సందేహము అన్యాయమైనది కాదు. దానిని తీర్చు భారము అడుగువారిదే.

ఆ సందేహమునకు ఒక సమాధానము మన తెలుగునేలమీదనే దొరకినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. ఆ యేడాదినుండియే ఆంధ్రప్రదేశ్‌లో దానికి సామాజిక తనిఖీలు మొదలైనవి. మస్టరు పట్టీలోని పేర్లను ఊరిలో చదివి, నీవు పని చేసితివా, కూలి ముట్టినదా అని అడిగిరి. తేలిన సంగతులు మండల కేంద్రమున బహిరంగ సభలో అధికారుల ఎదుటనే చదువబడినవి. జనులు చెప్పిన మాట కాగితమై ఎక్కడికో పోలేదు. వారి చెవికే తిరిగి వచ్చినది.

2027 జనగణనలో కులవివరములను గూడ సేకరింతుమని కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. నల్లగండ్ల మేడలోనైనను, దాని నీడనున్న గుడిసెలోనైనను గణకుడు తలుపు తట్టినప్పుడు మనము రెండు పనులు చేయవచ్చును. తెలిసినది దాచక చెప్పుట ఒకటి. ఈ లెక్కవలన మా వీథికి ఏమి తేలినదో మరల వచ్చి చెప్పుడని అడుగుట రెండవది. మొదటిది పౌరుని విధి, రెండవది అతని హక్కు. శామీర్‌పేటలో పరిశోధకునికి మనసు విప్పినవారును, బండ్లపల్లి పథకపు కూలి లెక్కను సభలో నిలదీసినవారును గొప్ప చదువులు చదివినవారు కారు. వారు చేసినది మనకు కష్టము కారాదు.