మచ్చు తీసిన చోట మిగిలిన దుమ్ము: పిస్కాటవే పరిసరాల్లో యురేనియం పరీక్షా కేంద్రం, ఒక పరిశీలన

ప్రస్తావన

న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న ఊళ్లు ఎడిసన్, పిస్కాటవే. పిస్కాటవేను ఆనుకునే మిడిల్సెక్స్ అనే చిన్న పట్టణం ఉంది. 1913 దాకా అది పిస్కాటవేలో భాగమే. అక్కడ 1943లో అమెరికా ప్రభుత్వం యురేనియం ఖనిజాన్ని తూచి, నూరి, పరీక్షించే కేంద్రాన్ని రహస్యంగా తెరిచింది. ఖనిజ శుద్ధిలో ప్రభుత్వ పరిశోధన ఎంత నిక్కచ్చిగా సాగిందో, భద్రత విషయంలో ఎక్కడ వెనకబడిందో రెండూ ఈ ఒక్క చోటే కనిపిస్తాయి. ఖనిజం విలువ తేల్చడానికి చేసిన పనే అక్కడ హానికీ మూలమైంది. అందువల్ల విలువ లెక్క, హాని లెక్క ఒకే సంస్థ చేతిలో ఉండరాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1. కేంద్రం ఎందుకు పుట్టింది?

అణుబాంబు తయారీకి పెట్టిన మన్‌హాటన్ ప్రాజెక్టుకు మొదట అందిన యురేనియంలో ఎక్కువ భాగం బెల్జియన్ కాంగోలోని షింకొలోబ్వే గనిది. ఆ గని యాజమాన్య అధిపతి ఎడ్గార్ సెంజియే 1940లోనే 1,200 టన్నులకు పైగా ఖనిజాన్ని న్యూయార్క్‌కు తరలించి, స్టాటెన్ ఐలండ్ గోదాములో దాచి ఉంచాడు. సగటున 65 శాతం యురేనియం ఆక్సైడ్ ఉన్న సరుకు అది. ప్రపంచంలోని చాలా గనుల్లో ఒక శాతం దొరకడమే గొప్ప.

బేరం బరువు మీద కాదు, లోపలున్న యురేనియం మీద కుదిరింది. పైగా ఖనిజంలోని రేడియం మీద హక్కును గని యజమాని అయిన బెల్జియం కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది. యురేనియం తీశాక మిగిలిన పిప్పిని అమెరికా పారేయకుండా దాచి పెట్టాల్సి వచ్చింది కూడా అందుకే. ఏ పీపాలో ఎంత శాతం ఉందో తేలితే తప్ప డబ్బు లెక్క తేలదు, శుద్ధి కర్మాగారానికి ఎంత సరుకు పంపాలో కూడా తెలియదు. మిడిల్సెక్స్‌లో 1910లో తారు రంగుల తయారీకి కట్టిన పాత భవనాన్ని ఈ పని కోసమే తీసుకున్నారు. చలికాలంలో గడ్డకట్టి వచ్చిన సరుకును కరిగించడానికి ఒక షెడ్డు కట్టారు. అక్కడి నుంచి ఆరబెట్టడం, నలగ్గొట్టడం, జల్లించడం, తూచడం, మచ్చు తీయడం, తిరిగి పీపాలకెత్తడం వరుసగా సాగేవి.

2. మచ్చు తీసే శాస్త్రం

మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తాలోకి గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి ధర చెబుతాడు. ధాన్యంలో గింజకూ గింజకూ పెద్ద తేడా ఉండదు కనుక అది చెల్లుతుంది. ఖనిజం అలా కాదు. ఒక ముక్క నిండా యురేనియం ఉండొచ్చు, పక్క ముక్క ఉత్త రాయి కావచ్చు. పెద్ద ముక్కల కుప్పలోంచి తీసిన గుప్పెడు ఆ కుప్ప గురించి నిజం చెప్పదు.

అందుకే పాతకాలపు పద్ధతిలో ఖనిజాన్ని నలగ్గొట్టి, కుప్పగా పోసి, నెత్తిన చదును చేసి, నాలుగు పాళ్లు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు ఉంచి, మిగతా రెండూ తీసేస్తారు. ఉంచిన దాన్ని మళ్లీ నూరి, మళ్లీ కుప్ప పోసి, మళ్లీ నాలుగు చేస్తారు. చివరికి ప్రయోగశాలకు వెళ్లేది చిన్న పొట్లం.

ఈ అనుభవ జ్ఞానానికి 1950లలో ఫ్రెంచి ఇంజనీరు పియర్ జీ గణిత రూపమిచ్చాడు. మచ్చు బరువు పెరిగే కొద్దీ పొరపాటు విస్తృతి తగ్గుతుంది. ముక్క సైజు పెరిగితే మాత్రం ఆ సైజు ఘనానికి (క్యూబ్‌కు) తగ్గట్టు అది పెరుగుతుంది. మిగతావన్నీ మారకపోతే, ముక్క సైజును సగానికి నలగ్గొట్టగానే ఆ విస్తృతి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. లెక్క నిక్కచ్చిగా రావాలంటే ఖనిజాన్ని ఎంత మెత్తగా నూరితే అంత మేలు.

మచ్చు విశ్లేషణలో కచ్చితత్వం కోసం అమెరికా అణుశక్తి కమిషన్ 1949లో రారిటన్ నది అవతల న్యూ బ్రన్స్విక్‌లో ఒక ప్రయోగశాల పెట్టింది. యురేనియం విశ్లేషణకు ప్రామాణిక నమూనాలు తయారుచేసిన సంస్థ అదే. తర్వాత అది షికాగో దగ్గరి ఆర్గాన్‌కు తరలిపోయింది.

3. అదే దుమ్ము, రెండో లెక్క

మెత్తగా నూరితే మచ్చు నిజం చెబుతుంది. మెత్తగా నూరితేనే దుమ్ము గాలిలోకి లేస్తుంది. కొన్ని మైక్రాన్ల రేణువు ఊపిరితిత్తుల లోతు దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. అంత మేలురకం ఖనిజంలో యురేనియంతో పాటు 1,600 ఏళ్ల అర్ధాయువు ఉన్న రేడియం, దాని నుంచి పుట్టే రేడాన్ వాయువు కూడా ఉంటాయి. శాతం తేల్చడానికి ఖనిజాన్ని నూరిన రోలరే పనివాడి ఊపిరికి ముప్పు తెచ్చింది.

ఈ ముప్పు అప్పటికి తెలియనిదేమీ కాదు. జర్మనీలోని ష్నీబర్గ్ గనివాళ్ల ప్రాణాలు తీస్తున్నది ఊపిరితిత్తుల క్యాన్సరేనని 1879లోనే వైద్యులు రాశారు. 1940ల చివర్లో అణుశక్తి కమిషన్ న్యూయార్క్ ఆరోగ్య విభాగంలో మెరిల్ ఐసెన్‌బడ్ బృందం యురేనియం కర్మాగారాల్లో దుమ్ము కొలిచి, చాలాచోట్ల పరిమితి మించిందని తేల్చింది. కొలిచినవాళ్లూ, ఉత్పత్తి ఆగకూడదన్నవాళ్లూ ఒకే కమిషన్ మనుషులు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల యురేనియం గనుల్లో 1950లో ప్రజారోగ్య శాఖ పరిశోధన మొదలుపెట్టినప్పుడు కూడా, కార్మికులను భయపెట్టే మాట చెప్పరాదన్న షరతుకు తలొగ్గింది. ఆ గనుల్లో రేడాన్‌కు గట్టి పరిమితి 1967 దాకా రాలేదు. పరిహారం చట్టం 1990లో వచ్చింది.

4. ప్రహరీ దాటిన మట్టి

మిడిల్సెక్స్‌లో యురేనియం పని 1955లో ఆగింది. తర్వాత కొంత థోరియం నిల్వచేసి, 1967లో మూసేశారు. అప్పటి ప్రమాణాల ప్రకారం శుభ్రం చేశామని చెప్పి 1969లో మెరైన్ దళాల శిక్షణకు ఇచ్చారు. అప్పటికే ఆవరణలోని మట్టి బయటికి పోయింది. కొంత 1948లో పట్టణపు చెత్త దిబ్బకు చేరింది. 1960లో పౌర రక్షణ విన్యాసంలో ఎవరో రేడియేషన్ కొలిచే పరికరం పట్టుకుని నడుస్తుంటే ఆ దిబ్బ దగ్గర ముల్లు లేచింది. అలా బయటపడిందే తప్ప, ప్రభుత్వం తనంతట వెతికి పట్టుకున్నది కాదు. మరికొంత మట్టి ఇళ్ల స్థలాలు ఎత్తు చేయడానికి వాడారు. పిస్కాటవేలో ఒక ఇంటి స్థలం, మిడిల్సెక్స్‌లో ఒక చర్చి ఫాదర్ నివాసం అందులో ఉన్నాయి.

1980 నుంచి ఆ మట్టిని తవ్వి తెచ్చి పాత కేంద్రంలోనే కుప్పలు పోశారు. 1997లో బాధ్యత సైన్యపు ఇంజనీర్ల విభాగానికి మారింది. 1999లో ఈ స్థలం దేశంలోని అతి ప్రమాదకర కాలుష్య స్థలాల జాబితాకెక్కింది. మట్టి తరలింపు 2008లో ముగిసింది. యురేనియం పని నడిచింది 12 ఏళ్లు, మట్టి ఎత్తడానికి పట్టింది 28 ఏళ్లు.

5. గనుల బ్యూరో చెప్పే పాఠం

ఉత్పత్తి, భద్రత ఒకే చేతిలో ఉన్న ఇలాంటి చిక్కు బొగ్గు గనుల్లోనూ ఎదురైంది. 1907లో మొనాంగా గనిలో 362 మంది చనిపోయాక, 1910లో అమెరికా గనుల బ్యూరో పుట్టింది. పేలుళ్ల మీద, రాతిపొడితో బొగ్గుదుమ్ము మంటను ఆపడం మీద అది చేసిన పరిశోధన సాటిలేనిది. ఖనిజోత్పత్తిని ప్రోత్సహించడం, గనివాడిని కాపాడడం రెండూ ఆ బ్యూరో గొడుగు కిందే ఉండడంతో తనిఖీ బలహీనపడింది. 1968లో ఫార్మింగ్టన్‌లో 78 మంది, 1972లో సన్‌షైన్ వెండి గనిలో 91 మంది మరణించాక 1973లో తనిఖీని విడదీశారు. 1977 చట్టంతో అది కార్మిక శాఖకు చేరింది. అణుశక్తి కమిషన్‌ను కూడా 1974 చట్టం రెండుగా చీల్చి, నియంత్రణను వేరు చేసింది.

6. తుమ్మలపల్లె సంగతి

ఇదే ప్రశ్న మన దగ్గరా ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం డోలమైటు అనే సున్నపు జాతి రాతిలో ఉంది. యాసిడ్ పోస్తే రాయే తాగేస్తుంది. అందుకే ఒత్తిడి కింద క్షార ద్రావణంతో కరిగించే పద్ధతిని మన శాస్త్రవేత్తలు రూపొందించారు. 2012లో మొదలైన ఆ కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నులు. ఖనిజ శుద్ధిలో ఇది నిజంగా చెప్పుకోదగ్గ విజయం.

షింకొలోబ్వే 65 శాతం ముందు తుమ్మలపల్లె ఖనిజం 0.05 శాతం కూడా లేదు. టన్నుకు అర కిలో లోపే. గుప్పెడు దుమ్ములో ముప్పు తక్కువ, నిజమే. కాని తవ్విన రాయి దాదాపు అంతా వ్యర్థాల చెరువుకే చేరుతుంది. యురేనియం తీసేసినా మూల ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం రేడియం తదితరాల రూపంలో అక్కడే మిగులుతుంది. భూగర్భజలం పాడైందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు చేసిన ఫిర్యాదులను ఈ నేపథ్యంలో చదవాలి. మన అణుశక్తి నియంత్రణ బోర్డుకు తగిన స్వతంత్రత లేదని 2012లోనే ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ కాగ్ తప్పుపట్టింది.

ముగింపు

మిడిల్సెక్స్‌లో కొలత తెలియనివాళ్లు పనిచేయలేదు. దశాంశాల దాకా కొలవగలిగినవాళ్లే, మట్టి ఎటు పోతోందో పట్టించుకోలేదు. మట్టి లెక్కను అడిగే అధికారం బయటివాళ్లకెవరికీ లేకపోవడమే కారణం. కాబట్టి తుమ్మలపల్లెలో గాలి, దుమ్ము, బోరునీటి కొలతలు ఉత్పత్తితో సంబంధం లేని సంస్థ తీయాలి. ఆ అంకెలు తెలుగులో ప్రతి మూడు నెలలకు గ్రామ పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. పిస్కాటవేలోనో ఎడిసన్‌లోనో ఇల్లు కొనే తెలుగువాళ్లు బేస్‌మెంటులో రేడాన్ పరీక్ష చేయించుకుంటారు. కడప రైతు బోరునీటికి ఆ పాటి పరీక్ష, ఆ పాటి లెక్క దక్కాలి.