పాత ఖరీదైన ఎంటీబీనా, కొత్త చవక గేర్ సైకిలా? నెల్లూరు తీరంలో కొనేముందు చూసుకోవాల్సినవి

పదో తరగతి పరీక్షలు అయిపోయినా, ఈదీ డబ్బులు నాలుగు చేతిలో పడినా పిల్లలు అడిగేది గేర్ సైకిల్. షాపుకెళ్తే పన్నెండు, పదమూడు వేలకు కొత్తది మెరుస్తూ కనిపిస్తుంది. ఈలోపు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఎవరో వాడిన పెద్ద బ్రాండ్ మౌంటెన్ బైక్ ఫోన్‌లో కనబడుతుంది. పాతికవేలకు లక్ష రూపాయల బండి వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఏది తీసుకోవాలన్నది బ్రాండ్‌ని బట్టి తేలదు. మనం ఉండే నేలని బట్టి, మనకు దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని బట్టి తేలుతుంది.

మన నేల సంగతి

మౌంటెన్ బైక్ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో పుట్టింది. రాళ్లు, గతుకుల మీద దిగడానికి సస్పెన్షన్ పెట్టారు. నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి సుమారు 25 కిలోమీటర్లు, దారంతా చదునే. కొండ కావాలంటే పడమరగా పెంచలకోన, ఉదయగిరి వైపు పోవాలి. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె లాంటి చోట్ల సైకిల్‌ని పాడుచేసేది ఉప్పుగాలి, ఇసుక. ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది. ఇసుక చైన్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది.

కొత్త చవక సైకిల్

లాభాలు: బిల్లు ఉంటుంది, వారంటీ ఉంటుంది, పిల్లాడి ఎత్తుకి సరిపడే సైజు ఎంచుకోవచ్చు, స్పేర్లు ఊళ్లోనే దొరుకుతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

నష్టం ఎక్కడంటే, ఈ ధరలో ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్ పేరుకే ఎంటీబీ. స్ప్రింగుల వల్ల బరువు పెరుగుతుంది, తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగులే మింగేస్తాయి. తీసుకుంటే వెనక సస్పెన్షన్ లేనిదే తీసుకోండి. ముందు కూడా మామూలు ఫోర్కు ఉన్నది ఇంకా మేలు. అదే డబ్బుకి ఫ్రేమ్, బ్రేకులు, టైర్లు కాస్త మంచివి వస్తాయి.

పాత ఖరీదైన ఎంటీబీ

తేలికైన ఫ్రేమ్, తడబడకుండా పడే గేర్లు, వేలితో నొక్కితే ఆగే హైడ్రాలిక్ బ్రేకులు. ఇవన్నీ నిజమైన లాభాలే. షిమానో గేర్లలో టూర్నీ, ఆల్టస్ కింది రకాలు. డియోర్, ఎక్స్‌టీ పై రకాలు. కానీ మంచి పార్టు అరిగితే ఖర్చూ ఆ స్థాయిలోనే ఉంటుంది. రాక్‌షాక్స్ లాంటి ఫోర్కులకు 50 గంటల స్వారీకి ఒకసారి కింది భాగం విప్పి సర్వీస్ చేయాలి. చాలామంది అమ్మేదాకా ఒక్కసారి కూడా చేయించరు. 26 అంగుళాల చక్రాల పాత మోడల్ అయితే మంచి ఫోర్కులు, టైర్లు ఇప్పుడు తక్కువగా దొరుకుతాయి. అందుకే బేరం ఆడకముందే మీ వీధి మెకానిక్‌ని అడగండి: "భాయ్, హైడ్రాలిక్ బ్రేక్ ఆయిల్ నువ్వు మార్చగలవా?" ఆయన వల్ల కాదంటే ప్రతి రిపేరుకీ చెన్నై ప్రయాణం తప్పదు.

చూడకుండా డబ్బు ఇవ్వొద్దు

1. సీటు గొట్టం వదులుచేసి పైకి లాగమనండి. ఉప్పుగాలికి ఫ్రేమ్‌లో పట్టేసి ఉంటే అక్కడే ఆగిపోండి.
2. స్కేలుతో చైన్ కొలవండి. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్లచక్రాలు కూడా పోయినట్టే.
3. ఫ్రేమ్ అతుకుల దగ్గర, హ్యాండిల్ కింద వెంట్రుకంత చీలిక ఉందేమో వెలుతుర్లో చూడండి. పడిపోయిన కార్బన్ ఫ్రేమ్ జోలికి పోవద్దు.
4. ఫోర్కు నొక్కి వదలండి. మెత్తగా దిగి పైకి రావాలి, ఆయిల్ కారకూడదు, కడ్డీల మీద గీతలు ఉండకూడదు.
5. చక్రం తిప్పి చూడండి. వంకర పోతోందా, పక్కలకి ఊగుతోందా?
6. బ్రేక్ పట్టి ఉంచండి. లీవర్ మెల్లగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే లోపల గాలి చేరింది లేదా ఆయిల్ లీకవుతోంది. పిల్లాడి ప్రాణం దీని మీదే ఉంటుంది.

బిల్లు, హలాల్ సంపాదన

సైకిల్‌కి స్కూటర్‌లాగా ఆర్‌సీ ఉండదు. కాబట్టి పాత బిల్లు అడగండి. పెడల్ ఇరుసు కింద ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్ దానితో సరిపోవాలి. అమ్మేవాళ్ల పేరు, సంతకం, తేదీతో కాగితం రాయించుకోండి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అనుమానించే కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. నమ్మశక్యం కానంత చవక కూడా అనుమానించాల్సిన సంగతే. దీన్‌లోనూ లోపం దాచి అమ్మడం తప్పు. రేపు మీరు అమ్మేటప్పుడూ ఉన్న లోపం ముందే చెప్పండి, బర్కత్ అందులోనే ఉంది.

వాయిదాల్లో కొనేవాళ్లు "నో కాస్ట్" అన్న మాట నమ్మేయకండి. చాలా స్కీముల్లో బ్యాంకు వడ్డీ ఉంటుంది, దాన్ని డిస్కౌంటుగా సర్దుతారు. ప్రాసెసింగ్ ఫీజు వేరు. రిబాకి దూరంగా ఉండాలనుకుంటే కాగితం పూర్తిగా చదవండి.

లెక్క వేసి చూస్తే

ఉదాహరణకి పాతది 25,000. చైన్, పళ్లచక్రాలు, టైర్లు, ఫోర్కు సర్వీసుకి ఇంకో 7,000 అనుకోండి. అసలు ధర 32,000 అయింది. పాతదానికి ధరలో కనీసం పావు వంతు పక్కన పెట్టుకోలేకపోతే అది మీ బడ్జెట్‌లో లేనట్టే.

స్కూలుకి, ట్యూషన్‌కి, మసీదుకి వెళ్లే పిల్లాడికి, ఇంకా ఎత్తు పెరుగుతున్న వయసుకి కొత్త సాదా సైకిలే మేలు. వారం వారం పెంచలకోన వైపు తొక్కే కుర్రాడికి, రిపేరు కాస్త తెలిసినవాడికి, పై ఆరు పరీక్షలూ నెగ్గిన పాత ఎంటీబీ మంచి బేరం.

ఏది కొన్నా అలల్లో దించొద్దు. బీచ్ నుంచి రాగానే మంచినీళ్లు మెల్లగా పోసి కడిగి, గుడ్డతో తుడిచి, చైన్‌కి నూనె వేయండి. ఆ పది నిమిషాలు పెడితే సైకిల్ తమ్ముడి దాకా వస్తుంది.