భావికాలకథలందు జాతిభావము

పూర్వచరిత్రమును దెలిసికొనుటకు శాసనములును, తామ్రపత్రములును, యాత్రికుల వ్రాఁతలును ఆధారములు. జరిగినదానిఁ గాక జరుగఁబోవుదానిని వర్ణించు కల్పితకథలును ఒకవిధమైన చారిత్రకాధారములే. అవి భావికాలమునకు సాక్ష్యము చెప్పఁజాలవు. తాము పుట్టిన కాలమునకు మాత్రము చక్కని సాక్ష్యము చెప్పును. నాఁటి రచయిత “ప్రజ” యను మాటలో నెవ్వరిని జేర్చెనో, ఎవ్వరిని వెలిగా నుంచెనో వానివలనఁ దెలియును.

మెకాలే యాంగ్లవిద్యనుగూర్చి నివేదిక సమర్పించిన 1835వ సంవత్సరముననే, కలకత్తా హిందూ కళాశాలలోఁ జదివిన కైలాసచంద్ర దత్తు, 1945లో నలువదియెనిమిది గంటలు నడచిన యొక తిరుగుబాటును వర్ణించుచు నాంగ్లమునఁ గథ వ్రాసి ప్రకటించెను. నాయకుఁడు భువనమోహనుఁడు విద్యావంతుఁడగు యువకుఁడు. ఓడి మరణదండనము పొందును. పదియేండ్లకు, 1845లో, ఆ దత్తకుటుంబమునకే చెందిన శశిచంద్ర దత్తు “ఒరిస్సా రిపబ్లిక్కు” అను కథ వ్రాసెను. ఇరువదవ శతాబ్దిలోఁ బ్రభుత్వము బానిసత్వమును శాసనముచే నెలకొల్పఁగా, ఒరిస్సా యడవిజాతులవారు తిరుగఁబడి స్వతంత్రులగుదురు. మొదటి కథలో దేశమునకుఁ బ్రతినిధి పట్టణపు విద్యావంతుఁడు, రెండవదానిలో నడవివాఁడు. 1857వ సంవత్సరపు తిరుగుబాటునకు మున్నే యీ భేదము గానవచ్చుట గమనింపఁదగినది.

పాలకజాతుల యూహ వేఱుత్రోవఁ బట్టెను. 1905లో జపాను రష్యాను గెలిచిన పిమ్మట, అమెరికా రచయిత జాక్ లండన్ వ్రాసి 1910లోఁ బ్రకటించిన “అసమాన దండయాత్ర” చరిత్రవ్యాసరూపముననే యున్నది. అందుఁ జీనావారి జనసంఖ్య పెరుగుటయే వారి నేరము. 1976లోఁ బాశ్చాత్యరాజ్యములు విమానములనుండి రోగక్రిములుగల గాజుగొట్టములను జాఱవిడిచి వారిని సమూలముగ నాశనము చేయును. పిదప నిర్జనమైన యా దేశమున నానాదేశీయులు జాతిభేదము లేక సంతోషముగఁ గలసి నివసించిరని కథ చెప్పును. కొందఱు విమర్శకులు దీనిని వ్యంగ్యరచన యందురు. ఎట్లయినను, ఒకజాతిని నిర్మూలించిన పిదపనే యితరుల యైకమత్యము సాధ్యమైనట్లు చిత్రించుట యందలి ఘోరము. చరిత్రకారుని శాంతమైన శైలి యా ఘోరమును సామాన్యవిషయముగఁ దోఁపించుచున్నది.

నల్లజాతి పండితుఁడగు డ్యూబాయిస్ 1920లోఁ బ్రకటించిన “తోఁకచుక్క” యను కథ దీనికిఁ బ్రత్యుత్తరమని చెప్పుటకు నాధారము లేదు గాని, రెంటిని గలిపి చదువుట యుచితము. న్యూయార్కు బ్యాంకునందలి నల్లజాతి సేవకుఁడు నేలమాళిగలోనికిఁ బంపఁబడియుండుటచే, తోఁకచుక్క విషవాయువులకు నగరము నశించినను బ్రదుకును. మిగిలిన తెల్లజాతిస్త్రీ యొకతె వానిని దోడిమానవునిగఁ జూచును. కాని వెలుపలి లోకము చెడలేదు. అచటినుండి తెల్లవారు రాఁగానే వర్ణభేదమును దిరిగి వచ్చును. ఆ భేదము శరీరమునఁ గాక సంఘమునఁ గలదని దీనివలన స్పష్టము.

1945, 1976 సంవత్సరములు గడచిపోయినవి. ఆ కథలు ఫలించెనా యని విచారించుట వానికిఁ దగిన పరీక్ష కాదు. విమానమును, క్రిమిని, తోఁకచుక్కను ఊహించుట రచయితలకుఁ గష్టము గాలేదు. పొరుగుజాతివానిని దమతో సమానునిగ నూహించుటయే కష్టమయ్యెను. భావికాలమును వర్ణించు ప్రతికథయందును మొదట నడుగవలసినది యంత్రములనుగూర్చి కాదు. ఆ కాలమున బ్రదికియుండుట కెవ్వరి కనుజ్ఞ యీయఁబడినదని.