పంచ్ పానీయం – పెటపోలి నుంచి కామారెడ్డి దాకా: ఒక సాంఘిక చరిత్ర పరిశీలన

రమ్ముతో ఇంట్లో కలుపుకొనే పానీయాలను మనం సాధారణంగా పాశ్చాత్య నాగరికత తెచ్చిన అలవాటుగా చూస్తాం. అందుచేత తెలుగు ప్రాంతాల సాంఘిక చరిత్రలో వాటికి చోటు కల్పించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. అయితే క్యూబాలోని డైకిరీ గానీ కరీబియన్ దీవుల ప్లాంటర్స్ పంచ్ గానీ ఏ కుదురు నుంచి వచ్చాయో వెతుకుతూ పోతే, లిఖితపూర్వకంగా దొరికే మొదటి ఆధారం తెలుగు తీరానికే చేరుతుంది. ఆ ఆధారాన్ని పరిశీలించడం, దాన్ని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు చెరకు, బెల్లం, సారాల చరిత్రతో కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఆంగ్ల వర్తకులు గోల్కొండ రాజ్యంలోని పెటపోలిలోను, మచిలీపట్నంలోను వ్యాపారం మొదలుపెట్టారు. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. డచ్చివారు అంతకు ముందే, 1606లో, అక్కడికి చేరుకున్నారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్ అనే సైనికుడు 1632 సెప్టెంబరు 28న పెటపోలిలోని థామస్ కాలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. అక్కడివారు కలిసిమెలిసి ఉంటారని ఆశిస్తూ, మాటల మధ్యలో పంచ్ తాగడాన్ని ప్రస్తావించాడు. ఆంగ్లంలో ఈ పానీయం పేరు నమోదైన తొలి సందర్భంగా నిఘంటుకారులు చూపేది ఈ ఉత్తరాన్నే. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆడమ్స్ పంచ్ అంటే ఏమిటో వివరించలేదు. రాసినవాడికీ చదివేవాడికీ ఆ మాట అప్పటికే పరిచితమన్నమాట. కాబట్టి పానీయం ఉత్తరం కంటే పాతది.

పేరు పుట్టుక విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. 1670లలో భారతదేశంలో తిరిగిన జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు ఇది అయిదు అనే అర్థమున్న దేశీయ పదమని, అయిదు దినుసులు కలవడం వల్ల ఆ పేరు వచ్చిందని రాశాడు. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధ ద్రవ్యం – ఇవీ ఆ అయిదు. మద్యం నిలువచేసే పంచన్ అనే పీపా పేరు కుదించుకుపోయి పంచ్ అయిందని మరికొందరి వాదం. తొలి వర్ణనలను చూస్తే అయిదు అనే లెక్క కూడా నిలకడగా కనిపించదు. 1638లో సూరత్‌లో ఉన్న మాండెల్‌స్లో చెప్పిన పానీయంలో సారా, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర మాత్రమే ఉన్నాయి, అవి నాలుగే. అయినా నా మొగ్గు ఫ్రయర్ వైపే. పెటపోలి వాడుకలో తెలుగు ‘అయిదు’తోపాటు దర్బారు పారసీకంలోని ‘పంజ్’, దక్కనీలోని ‘పాంచ్’, పంచాంగం, పంచామృతం వంటి మాటల్లోని సంస్కృత ‘పంచ’ కూడా ఉన్నాయి. పరదేశి వర్తకుడి చెవిన ఈ మాటలు రోజూ పడుతూనే ఉంటాయి. వీటిలో ఏది అతని నోట పంచ్ అయిందో నిర్ణయించబూనడం దుస్సాహసం.

దినుసుల సంగతి ఇంతకన్నా స్పష్టంగా ఉంటుంది. తాటి కల్లు కాచి తీసిన సారా, నిమ్మ తీరంలోనే దొరికేవి. జాజికాయ మాత్రం తూర్పు దీవులది. కోరమండల్ బట్టలను ఆ దీవులకు చేర్చి సుగంధ ద్రవ్యాలు కొనడమే డచ్చివారి వర్తకానికి ఆయువుపట్టు. అంటే నేతగాడి బట్ట, గీతగాడి కల్లు, ఓడవాడి జాజికాయ ఒకే గిన్నెలో కలిశాయి. పంచ్‌లో సారా తీసేసి, చక్కెరకు బదులు బెల్లం వేసి, జాజికాయ స్థానంలో మిరియాలు, ఏలకులు వేస్తే శ్రీరామనవమి పానకానికి ఎంతో దూరం ఉండదు. దీన్నిబట్టి ఒకటి మరొకదానికి మూలమని చెప్పలేం. తీపి, పులుపు, ఘాటు నీటిలో కలిపి తాగే అలవాటు ఈ నేలకు కొత్తది కాదని మాత్రం చెప్పవచ్చు.

రమ్ము ఈ కథలోకి తరువాత వచ్చింది. పదిహేడో శతాబ్దం మధ్యలో బార్బడోస్‌లో చెరకు మడ్డి నుంచి మద్యం కాయడం పెరిగాక, ఆంగ్లేయుల గిన్నెల్లో తూర్పు సారా స్థానాన్ని అది క్రమంగా ఆక్రమించింది. అయితే ఆ క్రమం కూడా అనుకున్నంత సూటిగా లేదు. 1660లలో మొగలు రాజ్యంలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, బెంగాల్ ప్రాంతంలో పరదేశులు తాగే ‘బూల్‌పోంజ్’ అనే పానీయాన్ని వర్ణించాడు. ఆయన చెప్పిన ప్రకారం అందులో వాడిన సారా నల్లబెల్లంతో కాచినది. దానికి నిమ్మరసం, నీరు చేర్చి పైన జాజికాయ తురుముతారు. చెరకు తీపిని పులియబెట్టి కాచిన మద్యమే రమ్ము అనుకుంటే, బెర్నియే చూసిన గిన్నెలో ఉన్నది రమ్ము పంచే.

ఇక్కడ కామారెడ్డి గుర్తుకు రాక తప్పదు. తెలంగాణలో ఆబ్కారీ దాడుల వార్తలు చదివేవారందరికీ ‘నల్లబెల్లం, పటిక’ అనే జంట పరిచితమే. పులియబెట్టిన బెల్లం నీటిని ఆ వార్తలు ‘బెల్లం పానకం’ అంటాయి. గుడిలో ప్రసాదమైన మాటే గుడుంబా కేసులో నేరద్రవ్యం పేరు. గుడుంబాలో కలిపే రసాయనాలు ప్రాణాలు తీసిన మాట నిజమే, దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ దాని మూలద్రవ్యం, బెర్నియే పంచ్ మూలద్రవ్యం ఒక్కటే. ఒకటి యాత్రా చరిత్రలోకి, మరొకటి పోలీసు పంచనామాలోకి వెళ్లడానికి కారణం రుచిలో లేదు, చట్టంలో ఉంది. హైదరాబాదు రాజ్యంలో 1316 ఫసలీ నాటి ఆబ్కారీ చట్టం మద్యం తయారీని, అమ్మకాన్ని లైసెన్సు కిందికి తెచ్చింది. 1906–07 ప్రాంతపు ఆ చట్టం స్థానంలో 1968 ఎక్సైజు చట్టం వచ్చాక కూడా సూత్రం మారలేదు: కొన్నది కలుపుకోవచ్చు, ఇంట్లో కాయకూడదు. ఇప్పపువ్వు సారా కాచే గూడేలకూ, సీసా కొని గ్లాసులో నిమ్మకాయ పిండుకునే పట్టణపు ఇంటికీ మధ్య గీత అక్కడ పడింది.

చెరకు వైపు నుంచి చూస్తే ఈ ప్రాంతం కథ ఇంకోలా సాగుతుంది. ఎల్లారెడ్డికి పడమట, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య మంజీరపై 1923–1931 మధ్య కట్టిన నిజాంసాగర్ నీళ్లు బాన్సువాడ, బోధన్ వైపు పారాయి. ఆ ఆయకట్టులో చెరకు విస్తరించింది. ఆనకట్ట పక్కనే ఉన్నా ఎల్లారెడ్డి ఎగువన ఉండిపోయింది. దాని చుట్టుపక్కల పొలాలకు ఆసరా పోచారం ప్రాజెక్టు. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్ల బోధన్‌లో శక్కర్‌నగర్ వెలిసింది. చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ రమ్ముకు ముడిసరుకు. దాని నుంచి పవర్ ఆల్కహాల్ కూడా తీశారు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ ఫ్యాక్టరీ 2015 చివర మూతపడింది. కామారెడ్డి దగ్గర సదాశివనగర్ మండలం అడ్లూర్ ఎల్లారెడ్డిలో మరో చక్కెర కర్మాగారం ఉంది. ఆ ఊరు వేరు, ఎల్లారెడ్డి పట్టణం వేరు. పాత రికార్డులు చదివే పరిశోధకులు ఈ రెండింటినీ కలిపేయకుండా చూసుకోవాలి.

మొలాసిస్ ఇక్కడి నుంచి వెళ్తుంది, రమ్ము సీసాగా తిరిగి వస్తుంది. దానితో ఇంట్లో కలిపే డైకిరీలో సుమారు 60 మి.లీ. రమ్ము, 30 మి.లీ. తాజా నిమ్మరసం, 20 మి.లీ. చక్కెర పాకం ఉంటాయి. చక్కెర మద్యంలో సరిగా కరగదు కాబట్టి ముందు నీటితో పాకం చేసుకుంటారు. పాత పంచ్ గిన్నెలోనూ చక్కెరను ముందుగా నిమ్మరసంలోనో వేడినీటిలోనో కరిగించేవారు. కరీబియన్ పంచ్‌కు ప్రసిద్ధమైన కొలత ఒక వంతు పులుపు, రెండు తీపి, మూడు మద్యం, నాలుగు నీరు. డైకిరీలో నీటి స్థానాన్ని మంచు ఆక్రమించింది, జాజికాయ జారిపోయింది. అయిదు మూడయ్యాయి.

రాజుల వరుసలకే పరిమితమైన చరిత్రకు భిన్నంగా, 1949లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తిండిని, దుస్తులను, ఆటలను, ఆచారాలను చరిత్ర వస్తువులుగా నిలబెట్టింది. మద్యం విషయంలో ఆ దారిలో ఇంకా చాలా దూరం నడవవలసి ఉంది. హైదరాబాదు రాజ్యపు ఆబ్కారీ వ్యవహారాలు పారసీకంలో, ఉర్దూలో సాగాయి. పెటపోలి ఉత్తరం ఆంగ్లంలో ఉంది. కల్లు గీసినవారు, ఇప్పపువ్వు ఏరినవారు, కుండల్లో బెల్లం నానవేసినవారు ఏ కాగితాన్నీ మిగల్చలేదు. వారి వృత్తిపదాలు మాత్రం ఎల్లారెడ్డి పల్లెల్లో వృద్ధుల నోట ఇంకా వినిపిస్తాయి. వాటిని సేకరించే పని ఆబ్కారీ దస్త్రాలు తెరవడానికి ముందే మొదలుకావాలి, ఎందుకంటే దస్త్రం ఆగుతుంది.