లక్క ముద్ర వెనుక సత్యం

మట్టెవాడ అనగానే మన వరంగల్ వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఎంజీఎం ఆసుపత్రి. బతికున్నవారికి వైద్యం జరిగే ఆ ఆవరణలోనే, చనిపోయినవారి తరఫున సాక్ష్యం సిద్ధం చేసే శవపరీక్ష గది కూడా ఉంది. ఆ సాక్ష్యం చెడకుండా ప్రయోగశాలకు చేరడం ఎంత బాధ్యతో, ఫైళ్లూ సీళ్లూ చూస్తూ తల నెరిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

పూర్వం విషప్రయోగమంటే అనుమానమే తప్ప రుజువు దొరికేది కాదు. 1849లో మద్రాసులో విషాల పరీక్షకు రసాయన పరీక్షాశాల ఏర్పడింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో, 1952లో అక్కడే ఫోరెన్సిక్ ప్రయోగశాల వచ్చాయి. 1980 దశకం చివర మన హైదరాబాద్ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ డీఎన్ఏ పరీక్షా పద్ధతిని రూపొందించారు.

అయితే ఎంత గొప్ప యంత్రమైనా తన చేతికి వచ్చిన వస్తువునే పరీక్షించగలదు. నెత్తురు మరకలున్న బట్టను నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టాలి. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో కడితే కుళ్లిపోతుంది. విషం అనుమానమున్నప్పుడు శరీర భాగాలను సాధారణంగా చిక్కటి ఉప్పునీటిలో ఉంచి సీసాకు మూత బిగిస్తారు. పంచుల సంతకాలు, లక్క ముద్ర, ఆ ముద్ర నమూనా, ఎవరు ఎప్పుడు ఎవరికి అప్పగించారన్న రాత, వీటిలో ఏది లోపించినా కోర్టులో ప్రశ్న తప్పదు.

2020 మే నెలలో మన ఊరి పక్కనే గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి. మొదట అందరూ ఆత్మహత్యలేమో అనుకున్నారు. ఆహారంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడేశారని దర్యాప్తులో తేలింది. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ న్యాయస్థానం నిందితుడికి మరణశిక్ష విధించింది. దేహంలో మందు ఉందో లేదో కంటికి కనబడదు కదా! ఇలాంటి కేసుల్లో ఆ సంగతి చెప్పవలసింది సీసాలో భద్రపరచిన నమూనాయే.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలంటోంది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చింది.

నిపుణుడు వచ్చేలోగా అక్కడ ఉండేది మనలాంటి సామాన్యులే. కాబట్టి మనవలకూ మనవరాళ్లకూ ఒక్క మాట చెబుదాం: నేరం జరిగిన చోట దేన్నీ ముట్టవద్దు, కడగవద్దు, తుడవవద్దు. మన అజాగ్రత్త వల్ల దోషి తప్పించుకోనూ వచ్చు, నిర్దోషి చిక్కుకోనూ వచ్చు.