రెండు నెట్ లైన్లు కలిపితే గేమ్ లాగ్ పోతుందా? దీని వెనక ఉన్న చరిత్ర

ఇంట్లో రెండు కనెక్షన్లు పెట్టిస్తే గేమ్ లాగ్ అవ్వదా అని మనలో చాలామందికి అనుమానం. డబ్బు పెట్టే ముందు దీని చరిత్ర తెలుసుకుందాం.

ఒకటికి మించిన దారులుండాలన్న ఆలోచన 1964 నాటికే ఉంది. అమెరికాలో రాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బారన్, అణుబాంబు దాడిలో కొన్ని లైన్లు తెగినా కబురు ఆగకూడదని, దాన్ని చిన్న ముక్కలు చేసి దొరికిన దారిన పంపాలన్నాడు. రెండో దారి అసలు పని అదే, ఒకటి తెగితే ఆదుకోవడం.

వేగం కోసం లైన్లు కలపడం 1990లలో ఊపందుకుంది. అప్పటి ఐఎస్‌డిఎన్ ఫోన్ లైన్‌లో 64 కిలోబిట్ల ఛానెళ్లు రెండుండేవి. వాటిని కలిపి 128 చేసే మల్టీలింక్ పిపిపి పద్ధతి 1994లో వచ్చింది. పెద్ద ఫైళ్లు దాదాపు సగం టైమ్‌లో దిగేవి.

ఆటల బాధ వేరు. 1996 జూన్‌లో క్వేక్ వచ్చింది. మోడెమ్ మీద ఆడేవాళ్లు బటన్ నొక్కితే, ఆ సంగతి సర్వర్‌కి పోయి తిరిగొచ్చాకే తెర మీద కదలిక కనిపించేది. ఆ పోయొచ్చే టైమే పింగ్. అదే డిసెంబర్‌లో వచ్చిన క్వేక్‌వరల్డ్‌లో జాన్ కార్మాక్ లైన్ల జోలికి పోలేదు. సర్వర్ జవాబు రాకముందే మన కంప్యూటరే కదలికని అంచనా వేసి చూపేలా ప్రోగ్రామ్ రాశాడు.

ఎందుకంటే రోడ్డు వెడల్పు చేస్తే బళ్లు ఎక్కువ పోతాయి గానీ, పాడేరు నుంచి విశాఖకి దూరం తగ్గదు కదా. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు. ఎన్ని లైన్లు పెట్టినా అది తగ్గదు. పైగా ముక్కల్ని రెండు లైన్లకి పంచితే, ముందొచ్చింది వెనకదాని కోసం కాచుకోవాలి.

2013లో మల్టీపాత్ టిసిపి వచ్చింది. అదే ఏడాది ఆపిల్ దాన్ని సిరిలో వాడింది, వైఫై తగ్గితే మొబైల్ డాటా అందుకునేలా. మళ్లీ బారన్ దారే! షూటింగ్ ఆటలు ఎక్కువగా యుడిపి మీద నడుస్తాయి గనక వాటికి ఇది నేరుగా పనికిరాదు.

మరి రెండు లైన్లుంటే ఏం చెయ్యాలి? ఒకటి ఆటకే వదిలేసి, ఇంట్లోవాళ్ల వీడియోలు, డౌన్‌లోడ్‌లు రెండోదాని మీద పెట్టండి. డౌన్‌లోడ్ వల్ల రౌటర్‌లో క్యూ పెరిగి వచ్చే లాగ్ పోతుంది. ఒకటే లైనున్నా, రౌటర్‌లో ఆటకి ముందు వరస ఇచ్చే సెట్టింగ్ ఉంటే పైసా ఖర్చు లేకుండా కొంత మేలు.

మన ఏజెన్సీ ఊళ్లలో ఇంకో సంగతుంది. రెండు కంపెనీల సిమ్‌లూ ఒకే టవర్ మీద నడుస్తుంటే దారి ఒకటే. టవర్‌కి కరెంటు పోతే రెండూ పోతాయి. ఆట పోతే మళ్లీ ఆడుకోవచ్చు. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు నెట్ పోతే సీటే పోతుంది. అందుకే రెండోది కొంటే వేరే టవర్‌దే చూసి కొనండి. మీ ఊళ్లో ఏ నెట్‌వర్క్ ఏ టవర్‌దో గ్రూపులో రాయండి, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుంది.

జై ఆదివాసీ!